విద్యుత్ నౌకలు – మన జలమార్గాలు

(కళాశాల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి ప్రసంగానికి నిర్ణయించిన విషయం విద్యుత్ నౌకలు. ఈ మాట వినగానే చాలామంది మనస్సులో మెదిలేది మహాసముద్రాలను దాటే బ్రహ్మాండమైన ఓడ. పత్రికలలో అచ్చయ్యే చిత్రాలు కూడా తరచు అటువంటివే. కాని గత పది పన్నెండు సంవత్సరాలుగా ప్రపంచంలో సాగుతున్న ఈ పరిణామాన్ని శ్రద్ధగా గమనించినవారికి ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈ మార్పు మహాసముద్రాలలో మొదలు కాలేదు. ప్రతిదినం ఒక ఒడ్డునుంచి ఎదుటి ఒడ్డుకు జనాన్ని చేరవేసే రేవు పడవలతో మొదలైంది. అందుకు కారణం భౌతికశాస్త్రంలోనే ఉన్నది. ఆ కారణాన్ని అర్థం చేసుకుంటే, ఇన్ని నదులూ కాలువలూ సరస్సులూ ఉన్న మన దేశానికి దీనివలన కలిగే లాభమెంతో, ఆ లాభం మొదట ఎవరికి అందాలో కూడా బోధపడుతుంది.

విద్యుత్తుతో పడవను నడపాలన్న ఆలోచన ఈ శతాబ్దంలో పుట్టినది కాదు. 1838లో, అప్పటి రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, మోరిట్జ్ యాకోబి అనే శాస్త్రజ్ఞుడు డజనుమంది ఎక్కిన పడవను నేవా నదిమీద విద్యుత్ మోటారుతో నడిపి చూపించాడు. విద్యుదుత్పత్తి కేంద్రాలు ఇంకా వెలియని కాలం అది. ఆయనకు కావలసిన విద్యుత్తు యావత్తూ ఆమ్లంలో ముంచిన లోహపు పలకలనుంచే రావలసి వచ్చింది. 1881లో పారిస్‌లో గుస్తావ్ త్రూవే అనే ఫ్రెంచి యంత్రనిపుణుడు సెన్ నదిమీద ఒక చిన్న పడవకు తగిలించి విప్పుకోగల విద్యుత్ మోటారును అమర్చాడు. 1893లో చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో 55 విద్యుత్ పడవలు అక్కడి కొలనులలో పది లక్షలమందికి పైగా సందర్శకులను తిప్పాయి. స్వామి వివేకానందుడు ప్రసంగించిన సర్వమత మహాసభ ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగినదే. జర్మనీలో బవేరియా ప్రాంతపు కోనిగ్‌సే సరస్సుమీద 1909 నుంచి విద్యుత్ పడవలు నడుస్తూనే ఉన్నాయి. అంటే ఒక శతాబ్దానికి పైగా ఆ కొండల నడుమ నీటిమీద పొగ లేదు, ఇంజను రొద లేదు.

మరి ఇంత ముందుగా పుట్టిన విద్యుత్ పడవ తరువాత ఎందుకు వెనుకబడింది? పెట్రోలు, డీజిలు ఇంజనులు వచ్చి దానిని నీటిమీదనుంచి దాదాపుగా తొలగించాయి. అందుకు గల కారణాన్ని ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఇది విజ్ఞానశాస్త్రం చదవనివారికి కూడా అందే లెక్కే.

మన ఇంటి కరెంటు బిల్లులో యూనిట్ అని వ్రాస్తారు కదా, ఆ యూనిట్‌నే కొలతగా తీసుకుందాం. ఒక కిలోగ్రాము డీజిలులో దాదాపు 12 యూనిట్ల శక్తి ఇమిడి ఉంటుంది. నేటి లిథియం బ్యాటరీ, పెట్టెతోను చల్లబరచే ఏర్పాట్లతోను కలిపి తూచితే, కిలోకు ఒక యూనిట్‌లో పదోవంతు మొదలు అయిదోవంతు వరకు మాత్రమే దాచుకోగలుగుతుంది. అయితే చిన్న పడవలలోని డీజిలు ఇంజను తాను త్రాగిన ఇంధనంలో సుమారు మూడోవంతును మాత్రమే పనిగా మార్చి, తక్కినదంతా వేడిగా పొగగొట్టంలోకి వదలుతుంది. విద్యుత్ మోటారు పదింట తొమ్మిది వంతులు పనికి అందిస్తుంది. ఈ తేడాను లెక్కలో చేర్చుకున్నా, బరువుకు బరువు డీజిలుదే పైచేయి. సుమారు 30 రెట్ల పైచేయి. కనుక ఎన్నో రోజులపాటు తీరం కనబడకుండా సాగే నౌకకు బ్యాటరీ పనికిరాదు. అటువంటి నౌకలలో రోజుకు 100 టన్నులకు మించి ఇంధనం మండించేవి ఉన్నాయి. దానికి సరితూగే బ్యాటరీలను ఎక్కిస్తే సరుకు ఎక్కించడానికి చోటుండదు.

లెక్కలో ఇంకొక అంశమున్నది, అది వేగం. నీటిని చీల్చుకొనిపోయే పడవ వేగం రెట్టింపు కావాలంటే మోటారు బలం రెట్టింపైతే చాలదు. స్థూలంగా ఎనిమిది రెట్లు కావాలి. ఇదే సూత్రాన్ని తిరగవేసి చూడండి. వేగం సగానికి తగ్గించుకొన్న పడవకు ఎనిమిదోవంతు బలం చాలు. తెడ్డు వేసేవారికి, గడవేసి నడిపేవారికి ఈ సంగతి శాస్త్రం చదవకుండానే తెలుసు.

ఇప్పుడు రెండు అంశాలనూ కలపండి. దూరం తక్కువగా ఉండాలి, అది ప్రతిసారీ ఒకటే అయి ఉండాలి, వేగం మితంగా ఉన్నా నష్టం ఉండకూడదు, పడవ మళ్ళీ మళ్ళీ అదే ఒడ్డుకు వచ్చి ఆగాలి. ఈ లక్షణాలన్నీ దేనికున్నాయి? రేవు దాటించే పడవకున్నాయి. విద్యుత్ నౌకాయానానికి ప్రకృతి నియమాలే చూపించిన తొలి చోటు అది.

దీనిని మొదట పెద్ద ఎత్తున ఆచరణలో పెట్టిన దేశం నార్వే. అక్కడి పడమటి తీరమంతా సముద్రం కొండలలోకి చొచ్చుకువచ్చిన లోతైన పాయలతో నిండి ఉంటుంది. వాటిని ఫియోర్డులు అంటారు. రోడ్డు నీటి అంచున ఆగిపోతుంది, నౌక వాహనాలను అవతలి ఒడ్డుకు చేరవేస్తుంది, రోడ్డు మళ్ళీ మొదలవుతుంది. సోగ్నె ఫియోర్డుమీద లావిక్, ఓపెదాల్ అనే రెండు చిన్న ఊళ్ళ మధ్య 2015లో ‘ఆంపియర్’ అనే నౌక సేవలోకి ప్రవేశించింది. వాహనాలను దాటించే పెద్ద నౌకలలో పూర్తిగా బ్యాటరీలమీద నడిచినది ప్రపంచంలో ఇదే మొదటిది. 80 మీటర్ల పొడవు, 120 కార్లు, 360 మంది ప్రయాణికులు. దూరం ఆరు కిలోమీటర్లకు కొంచెం తక్కువ, ప్రయాణం 20 నిమిషాలు. నౌకలోని బ్యాటరీల సామర్థ్యం సుమారు 1,000 యూనిట్లు.

ఈ నౌక కథలో అందరికీ ఆసక్తి కలిగించవలసినది నౌక కాదు, రేవు. ఒడ్డున ఆగే పది నిమిషాలలో నౌకకు ఛార్జి అందాలి. అంత తక్కువ వ్యవధిలో అంత విద్యుత్తు లాగితే ఆ చిన్న ఊళ్ళకు వచ్చే సన్నని లైన్లు తట్టుకోలేవు. కొత్త లైన్లు వేయడం ఖరీదైన పని. ఇంజనీర్లు చేసిన ఉపాయం మన ఇళ్ళలోనే ఉన్నది. మిద్దెమీది నీళ్ళ ట్యాంకును చిన్న మోటారు గంటలకొద్దీ నింపుతుంది. మనం పెద్ద కుళాయి తిప్పి క్షణాలలో బిందె నింపుకుంటాము. అదేవిధంగా రెండు రేవులలోనూ ఒడ్డుమీద బ్యాటరీలు పెట్టారు. నౌక నీటిమీద ఉన్నంతసేపూ ఊరి లైను నెమ్మదిగా వాటిని నింపుతుంది. నౌక వచ్చి ఆగగానే అవి తమలోనిదాన్ని ఒక్కసారిగా నౌకకు ధారపోస్తాయి. ఊళ్ళో దీపాలు మినుకుమనవు. బలహీనమైన పల్లెటూరి లైనే అడ్డంకి అనుకొనే ప్రతిచోటా ఈ ఉపాయాన్ని గుర్తు చేసుకోవాలి.

ఆ తరువాత నార్వేలో ఇటువంటి నౌకలు పదుల సంఖ్యలో వచ్చాయి. రేవుల కాంట్రాక్టులు పిలిచేటప్పుడు పొగ వదలని నౌకలను ప్రభుత్వ సంస్థలు కోరడమే ఇందుకు ముఖ్యకారణం. కొనేవాడు ఫలానాది కావాలని గట్టిగా చెబితే కట్టేవాడు కడతాడు. పొరుగున డెన్మార్క్‌లో ‘ఎలెన్’ అనే నౌక 2019నుంచి దీవుల మధ్య ఇంకా ఎక్కువ దూరం బ్యాటరీమీదనే తిరుగుతున్నది. 2025 మే నెలలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో 130 మీటర్ల పొడవుగల ఒక నౌకను నీటిలోకి దించారు. 2,100 మంది ప్రయాణికులను మోయగల ఈ నౌకలో 250 టన్నులకు మించిన బ్యాటరీలు ఉన్నాయి. అర్జెంటీనా, ఉరుగ్వే దేశాల మధ్య నదీముఖాన్ని దాటడానికి దానిని కట్టారు. పేరు ‘చైనా జొరిల్లా’. చైనా దేశంతో దానికేమీ సంబంధం లేదు, అది ఉరుగ్వే దేశపు ఒక ప్రసిద్ధ నటి పేరు. ఎంత పెద్దదైనా అది కూడా రేవు దాటించే పడవే అని గమనించండి.

అంతా సాఫీగా సాగిందని చెప్పడం సత్యం కాదు. 2019 అక్టోబరులో నార్వేలోనే ఒక నౌకలోని బ్యాటరీ గదిలో మంటలు లేచాయి. మంట అదుపులోకి వచ్చిన తరువాత, మరునాడు, ఆ గదిలో పేరుకొన్న వాయువు పేలింది. పలువురు అగ్నిమాపక సిబ్బందిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. లిథియం బ్యాటరీ మంట ఆరినట్లే ఆరి మళ్ళీ రాజుకోగలదు, దానిలోనుంచి విషవాయువులు వెలువడుతాయి. కనుక బ్యాటరీ గదికి ప్రత్యేకమైన గాలి మార్గం, ఉష్ణోగ్రతను నిత్యం కనిపెట్టే ఏర్పాటు, సిబ్బందికి శిక్షణ తప్పనిసరి. విద్యుత్ పడవ అంటే పాత పడవలో బ్యాటరీ పెట్టడం కాదు.

ఇక మన దేశానికి వద్దాం. కేరళలోని వెంబనాడ్ సరస్సు దేశంలో అతి పొడవైన సరస్సుగా పేరొందింది. అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో దానికి 2002లో స్థానం లభించింది. మన కొల్లేరుకు కూడా ఆ గుర్తింపు వచ్చింది ఆ సంవత్సరమే. వెంబనాడ్ తూర్పుగట్టున కొట్టాయం జిల్లాలోని వైక్కం, పడమటి గట్టున ఆలప్పుళ జిల్లాలోని తవణక్కడవు ఉన్నాయి. మధ్య దూరం రెండున్నర కిలోమీటర్లు. అక్కడ రాష్ట్ర జలరవాణా శాఖ 2017 జనవరి 12న ‘ఆదిత్య’ అనే పడవను ప్రవేశపెట్టింది. భారతదేశంలో సూర్యశక్తితో నడిచే తొలి ప్రయాణికుల రేవు పడవ అది. కట్టినది కొచ్చిలోని ఒక సంస్థ.

ఆదిత్య పొడవు 20 మీటర్లు. 75 మంది కూర్చోవచ్చు. పైకప్పుమీద 20 కిలోవాట్ల సౌర పలకలు, క్రింద 50 యూనిట్ల లిథియం బ్యాటరీలు, రెండు మోటార్లు. ఒక దాటుకు పావుగంట పడుతుంది, రోజుకు 22 దాట్లు. ఈ అంకెలతో మీరే ఒక స్థూలమైన లెక్క వేయవచ్చు. దాటుకు నాలుగైదు యూనిట్లు ఖర్చయితే రోజుకు సుమారు 100 యూనిట్లు. 20 కిలోవాట్ల పలకలు ఎండ బాగా కాసిన రోజున 80నుంచి 100 యూనిట్లు ఇస్తాయి. కాబట్టి మంచి ఎండ ఉన్ననాడు సూర్యుడే దాదాపు పడవను నడుపుతాడు. మబ్బు పట్టిననాడు, వర్షాకాలంలోను కొరతను ఒడ్డున ఛార్జి చేసి తీర్చుకోవాలి. అదే దారిలో తిరిగే డీజిలు పడవకు రోజుకు 8,000 రూపాయల ఇంధనం అయ్యేదని, ఆదిత్యకు కరెంటు ఖర్చు 200 రూపాయల లోపేనని నిర్వాహకులు ఆరోజులలో ప్రకటించారు. పడవ ఖరీదు సుమారు రెండు కోట్లు. డీజిలు పడవకంటె ఎక్కువే. కాని రోజూ మిగిలే మొత్తాన్ని గుణించి చూస్తే ఆ అదనపు వ్యయం కొద్ది సంవత్సరాలలోనే తిరిగి వస్తుందని తేలుతుంది.

పడవ ఆకారం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఆదిత్యకు ఒకే అడుగుభాగం లేదు. పక్కపక్కన రెండు సన్నని పడవలను పైన ఒకే బల్లతో కలిపినట్లు ఉంటుంది. సన్నగా ఉన్నందువలన నీరు తక్కువగా అడ్డుతుంది, అందుచేత చిన్న మోటారు చాలుతుంది. వెడల్పుగా నిలబడినందువలన జనమంతా ఒకే వైపుకు వచ్చినా ఒరగదు. ఈ రెండవ గుణాన్ని తక్కువగా చూడరాదు. 2002 జూలైలో ఇదే సరస్సులో ముహమ్మనుంచి కుమరకం వెళ్ళే పడవ మునిగి 29 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఉద్యోగ నియామక పరీక్ష వ్రాయడానికి బయలుదేరిన యువతీయువకులున్నారు. 2019 సెప్టెంబరులో మన గోదావరిలో కచ్చులూరువద్ద జరిగిన ఘోర ప్రమాదం మీకు జ్ఞాపకమే. మోటారు మారినంత మాత్రాన ప్రాణాలు నిలవవు. పడవ ఆకారం, పరిమితికి లోబడిన ప్రయాణికుల సంఖ్య, ఒంటిమీద రక్షణ కవచం, వరదనాడు పడవను ఆపే ధైర్యం, ఇవన్నీ కలిస్తేనే అది మంచి పడవ.

వైక్కం పేరు చరిత్ర విద్యార్థులకు సుపరిచితం. దేవాలయం చుట్టూ ఉన్న వీధులలో కొన్ని కులాలవారు నడవరాదన్న నిషేధానికి వ్యతిరేకంగా 1924లో ఇక్కడ మహాసత్యాగ్రహం మొదలైంది. తమిళ దేశంనుంచి పెరియార్ రామస్వామి వచ్చి జైలుకు వెళ్ళారు. పంజాబునుంచి అకాలీలు వచ్చి సత్యాగ్రహులకు ఉచిత భోజనశాల నడిపారు. 1925 మార్చిలో మహాత్మాగాంధీ పడవలోనే వచ్చి ఈ రేవులో దిగారు. వీధిలో నడిచే హక్కుకోసం దేశం నలుమూలలనుంచి జనం తరలివచ్చిన ఊరి రేవునుంచి ఈనాడు ఎవరైనా కొద్ది రూపాయల టిక్కెట్టుతో ఆ పడవ ఎక్కుతున్నారు. అందులో విహారయాత్రికులు తక్కువ. పొద్దున్నే పనికి పోయేవారు, బడిపిల్లలు, సంతకు వెళ్ళే స్త్రీలు ఎక్కువ. 2020లో విద్యుత్ పడవలకు ఇచ్చే అంతర్జాతీయ పురస్కారం ఆదిత్యకు లభించింది. సెన్ నదిమీద పడవ నడిపిన గుస్తావ్ త్రూవే స్మారకార్థం నెలకొల్పిన పురస్కారం అది.

కేరళ అక్కడితో ఆగలేదు. కొచ్చి నగరం చుట్టూ ఎన్నో దీవులున్నాయి. నగరపు ఆసుపత్రులు, కళాశాలలు, ఉద్యోగాలు దీవులవారికి కనుచూపు మేరలోనే ఉన్నా, చేరడానికి గంటలు పట్టే రోజులుండేవి. 2023 ఏప్రిల్ 25న ప్రధానమంత్రి ప్రారంభించిన కొచ్చి జల మెట్రో వారిని ఉద్దేశించి రూపొందినది. పది దీవులను కలుపుతూ 38 రేవులు, 78 పడవలు, 76 కిలోమీటర్ల దారులు అన్నది పథకం. ఖర్చు 1,100 కోట్లకు పైచిలుకు, దానిలో పెద్దభాగం జర్మనీ అభివృద్ధి బ్యాంకు ఋణం. నూరుమంది పట్టే పెద్ద పడవలను కొచ్చిన్ షిప్‌యార్డ్ కట్టింది. వీటి బ్యాటరీలు లిథియం టైటనేట్ రకానివి. ఈ రకం తక్కినవాటికంటె బరువైనది, ఖరీదైనది. కాని పది పదిహేను నిమిషాలలో ఛార్జి అవుతుంది, వేలకొలది సార్లు ఛార్జి చేసినా త్వరగా క్షీణించదు, మంటలకు అంత సులభంగా లొంగదు. అత్యవసర సమయానికి ఒక డీజిలు జనరేటరు కూడా పడవలో ఉంచారు. దీనిని కొందరు లోపమని ఆక్షేపించారు. నడిసరస్సులో వందమందితో నిలిచిపోవడం కంటె అది మేలని నా అభిప్రాయం.

ఈ పథకంలో నాకు అన్నిటికంటె నచ్చినది తేలే రేవు. నీటిమట్టం పోటుకు పెరిగినా, పాటుకు తగ్గినా రేవు బల్ల నీటితోపాటే లేచి దిగుతుంది. పడవ అంచు, బల్ల అంచు ఎప్పుడూ సమంగా ఉంటాయి. చక్రాల కుర్చీలో వచ్చినవారు ఎవరి చేయీ పట్టుకోకుండా లోపలికి వెళ్ళగలుగుతారు. పంచె ఎగదోసుకొని బురదలో దిగి, జారే పలకమీద కాలు మోపి పడవ ఎక్కిన తరాలవారికి ఇది ఎంతటి మార్పో చెప్పనక్కరలేదు.

మరొక విశేషం. అదే కొచ్చిన్ షిప్‌యార్డ్ నార్వేలోని ఒక సరుకుల పంపిణీ సంస్థ కోసం ‘మారిట్’, ‘తెరేసె’ అనే రెండు విద్యుత్ నౌకలను నిర్మించి 2022లో అందజేసింది. ఒక్కొక్కటి 67 మీటర్ల పొడవు, 16 పెద్ద ట్రెయిలర్లను మోయగలవి. క్రమంగా సిబ్బంది లేకుండానే నడవగలిగే విధంగా వాటిని రూపొందించారు. వాటిని మరొక భారీ ఓడమీదికి ఎక్కించి నార్వేకు పంపారు. విద్యుత్ నౌకలకు పుట్టినిల్లనదగిన దేశానికి మలయాళ తీరంలోని కార్మికుల చేతి పని వెళ్ళింది. విద్యలో మనం ఎప్పుడూ పుచ్చుకొనేవారమే అనుకోవడం ఇక తగదు.

పెద్ద ఓడల సంగతేమిటని మీరు అడగవచ్చు. మానవుల మూలంగా వెలువడే హరితగృహ వాయువులలో నౌకాయానానిది సుమారు 3 శాతం. 2050 నాటికి, లేదా ఆ సమీపంలో, దీనిని నికరంగా శూన్యానికి తేవాలని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకున్నది. బ్యాటరీతో అది సాధ్యపడదని ముందే లెక్క చూశాము. అందుకని హైడ్రోజన్, అమ్మోనియా, మెథనాల్ వంటి ఇంధనాలమీద ప్రయోగాలు జరుగుతున్నాయి. హైడ్రోజన్ ఘటంతో నడిచే ప్రయాణికుల పడవను కొచ్చిన్ షిప్‌యార్డ్ నిర్మించగా, వారాణసి కోసం దానిని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. రేవులో ఓడలను లాగే టగ్గులు మాత్రం బ్యాటరీకి అనువైనవి, ఏలననగా అవి రేవు విడిచి పోవు. 2024లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన హరిత టగ్గుల కార్యక్రమం తొలిదశలో జవహర్‌లాల్ నెహ్రూ, దీనదయాళ్, పారదీప్, వి.ఓ. చిదంబరనార్ రేవులను ఎంచుకున్నది.

ఇప్పుడు కొన్ని ఆక్షేపణలు. మన విద్యుత్తులో సింహభాగం బొగ్గునుంచే వస్తున్నది, మరి పొగ పడవనుంచి థర్మల్ కేంద్రానికి తరలినట్లే కదా అని అంటారు. ఈ మాటలో సత్యమున్నది. నార్వేకు జలవిద్యుత్తు పుష్కలం, మనకు ఆ భాగ్యం లేదు. అయితే పైకప్పుమీది పలకలు తమ వంతు ఇస్తాయి. మోటారు వృథా చేసేది స్వల్పం. పైగా డీజిలు పడవ వెనుక నీటిమీద పరుచుకొనే నూనె పొర, పసిపిల్లల ముఖాలమీదికి వచ్చే పొగ, పక్కవారి మాట వినబడని రొద, ఇవి ఆ రేవులోనే, ఆనాడే పోతాయి. చేపలమీద బ్రతికే సరస్సుకు అది చిన్న సంగతి కాదు.

రెండవ ఆక్షేపణ నాకు మరింత బరువైనదిగా తోస్తుంది. ప్రభుత్వ శాఖ రెండు కోట్లు పెట్టి పడవ కొనగలదు. ఒకే ఒక్క పడవ ఉన్న సరంగు ఏమి చేయగలడు? డీజిలు ఇంజను ఖరీదు తక్కువ, ఖర్చు రోజురోజుకూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. విద్యుత్ పడవకు ఖర్చంతా మొదటిరోజునే మీద పడుతుంది. బీదవానికి ఈ రెండవ పద్ధతి అందుబాటులో లేనిది, అది ఎంత లాభదాయకమైనా సరే. బ్యాంకుల ఋణమో, బ్యాటరీని అద్దెకు ఇచ్చే ఏర్పాటో, సహకార సంఘమో ముందుకు రాకపోతే ఈ పడవలు విహారయాత్రలకు వచ్చే ధనవంతుల వినోదంగా మిగులుతాయి, సరంగు తన ఉపాధి పోగొట్టుకుంటాడు. అలాగే ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగల మేస్త్రీలు మన రేవులలో ఉన్నారు. వారి విద్య పుస్తకాలలో దొరకదు. మోటారును, బ్యాటరీని, నియంత్రణ యంత్రాలను బాగుచేయడం వారికీ వారి పిల్లలకూ నేర్పే శిక్షణ, రేవుకు దగ్గరలోని ఐ.టి.ఐ.లోనే మొదలు కావాలి. లేకపోతే పడవ ఒకసారి ఆగితే నగరంనుంచి మనిషి వచ్చేదాకా ఒడ్డునే పడి ఉంటుంది. మొదటి డీజిలు లాంచీలకు మేస్త్రీలు దొరకని రోజులున్నాయని మరువరాదు.

మన గోదావరి, కృష్ణల సంగతి చెప్పి ముగిస్తాను. ధవళేశ్వరం ఆనకట్టను 1847 - 1852 మధ్య కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ కాలువలను పంటకోసం మాత్రమే త్రవ్వించలేదు, వాటిమీద పడవలు నడవాలని కూడా ఉద్దేశించాడు. ఆ విధంగానే కాకినాడనుంచి ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువలమీదుగా దక్షిణాన మదరాసు దాటేవరకు నీటిదారి ఏర్పడింది. రైళ్ళు, లారీలు వచ్చిన పిదప అది పూడిపోతూ వచ్చింది. 2008లో ఈ దారినే గోదావరి, కృష్ణా నదుల భాగాలతో కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016 చట్టంతో దేశంలో జాతీయ జలమార్గాల సంఖ్య 111 అయింది. ప్రకటించడం వేరు, పడవ నడవడం వేరు అని వేరే చెప్పనక్కరలేదు.

వెంబనాడ్‌లో నడిచిన పడవను తెచ్చి గోదావరిలో వేస్తే సరిపోతుందా? సరిపోదు. అక్కడ నీరు నిలకడైనది. ఇక్కడ వేసవిలో ఇసుక తిన్నెలు తేలుతాయి, శ్రావణ భాద్రపదాలలో వరద ఒడ్డులను ఒరుసుకొని పారుతుంది. ఎదురు ప్రవాహంలో మోటారుకు ఎంత బలం కావాలో వేగాన్ని గురించి చెప్పిన సూత్రమే తెలుపుతుంది. నీటిమట్టం మీటర్లకొద్దీ మారే చోట ఛార్జి చేసే స్తంభాన్ని ఎక్కడ పాతాలి? తేలే రేవే అందుకు జవాబని నేననుకుంటాను, దాని లంగరు వరదకు తట్టుకోవాలి. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య వసిష్ఠ గోదావరిని పంటుమీద దాటినవారు ఈ సభలో ఉండవచ్చు. మనుషులతోపాటు మోటారు సైకిళ్ళు, కార్లు కూడా ఎక్కే పంటు అది. దూరం తక్కువ, దాట్లు ఎక్కువ, వేగం అక్కరలేదు. లావిక్ రేవుకు, దీనికి స్వభావంలో తేడా లేదు. డెల్టా కాలువలైతే మరింత అనుకూలమైనవి, వాటిలో ప్రవాహం మందంగా ఉంటుంది.

కనుక గ్రంథాలయంలో ఈ ప్రసంగం చదివే విద్యార్థులకు, ముఖ్యంగా నదీతీరపు ఊళ్ళవారికి, ఒక పని చెబుతాను. సెలవులలో మీ ఊరి రేవుకు వెళ్ళండి. దూరమెంతో, దాటడానికి ఎన్ని నిమిషాలో, రోజుకు ఎన్ని దాట్లో వ్రాసుకోండి. రోజుకు ఎన్ని లీటర్ల డీజిలు అవుతుందో సరంగును అడగండి, ఆయన తప్పక చెబుతాడు. రేవుకు దగ్గరలోని ట్రాన్స్‌ఫార్మరు ఎంత దూరంలో ఉందో, వరదలో నీరు ఏ మెట్టువరకు వస్తుందో చూడండి. ఈ అంకెలు లేకుండా ఏ ఇంజనీరూ ఏ పడవనూ గీయలేడు. వాటిని పట్టికగా వ్రాసి మీ కళాశాల భౌతికశాస్త్ర శాఖలో ఇవ్వండి, నకలు ఒకటి జిల్లా కలెక్టరు కార్యాలయానికి పంపండి. ఇప్పుడు మీ ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాలు చెబుతాను.